బాగున్నప్పుడే చేయించుకోవలసిన పరీక్ష

రోగం వచ్చాక వైద్యుని వద్దకు పోవడం అందరూ చేసేదే. ఏ రోగమూ లేనప్పుడు పోవాలంటే మాత్రం మన ఇళ్ళలో వింతగా చూస్తారు. అందులోనూ ఆడవాళ్ళయితే, "నాకేం, రాయిలా ఉన్నాను" అనేస్తారు. ఆ మాట వెనుక ఎంత ప్రమాదం దాగి ఉందో మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి నాకు తెలిసింది.

మా పెద్దమ్మకు ముట్లు ఆగిపోయిన నాలుగేళ్ళకు మళ్ళీ రక్తం కనిపించింది. "వేడి చేసి ఉంటుందిలే" అని మజ్జిగ తాగింది, మెంతులు నానబెట్టుకొని తిన్నది. సిగ్గుపడి తొమ్మిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికి గర్భాశయ ముఖద్వార కేన్సరు బాగా ముదిరిపోయింది. ఏడాది తిరగకుండానే పోయింది. ఆ ఏడాదే నేను ఎమ్మెస్సీ జువాలజీ రికార్డులో కణవిభజన బొమ్మలు గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను! కణాన్ని గురించి ఇంత చదివి, ఇంట్లో ఒక్క ముక్కయినా చెప్పలేకపోయానే అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. ఈ వ్యాసానికి కారణం అదే.

వ్యాధి ఎలా వస్తుంది?

గర్భసంచి మూతిని గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ రెండు రకాల కణాల పొరలు కలుస్తాయి. ఆ సరిహద్దులోని కణాలకే హ్యూమన్ పాపిలోమా వైరస్ సులభంగా సోకుతుంది. దీనికీ ఈ కేన్సరుకూ గల సంబంధాన్ని నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. సంసార జీవితంలో ఉన్న చాలామందికి ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఇందులో నడవడికను శంకించవలసింది ఏమీ లేదు. సాధారణంగా ఒకటి రెండేళ్ళలో శరీరమే దానిని వదిలించుకొంటుంది. కొద్దిమందిలో మాత్రం అది తిష్ఠ వేసి కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు కేన్సరుగా పరిణమించడానికి మామూలుగా పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అంటే ఈ శత్రువు మనకు ఏళ్ళ తరబడి గడువు ఇచ్చే వస్తుందన్నమాట. ఆ గడువులో నొప్పి గాని, బాధ గాని ఉండవు. కాబట్టి "బాగున్నాను" అనుకొనే కాలమే పరీక్షకు తగిన కాలం.

పరీక్షలు

గ్రీసు దేశంలో పుట్టి 1913లో అమెరికా చేరిన డాక్టర్ పాపనికొలావ్ మొదట గినీపందుల కణాలను పరిశోధించాడు. తర్వాత స్త్రీల కణాలకు మళ్ళాడు. ఆయన భార్య ఏళ్ళ తరబడి తన కణాలనే పరీక్షకు ఇచ్చింది. 1928లో ఆయన తన సంగతి చెప్పినప్పుడు పట్టించుకొన్నవారు తక్కువ. 1941లో ట్రౌట్ అనే వైద్యునితో కలిసి వ్యాసం ప్రకటించాకే లోకం విన్నది. అదే "పాప్" పరీక్ష. ముఖద్వారం నుంచి కొన్ని కణాలు గీకి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు.

ఇంతకంటె సులువైనది మరొకటి ఉంది. పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే మన వెనిగర్‌లో ఉండేదే, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తే, మారిన కణాలున్న చోటు తెల్లబారుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేసి, ఈ వ్యాధి మరణాలను 31 శాతం తగ్గించగలిగారు. ఇప్పుడు వైరస్‌నే పట్టుకొనే పరీక్ష కూడా వచ్చింది. మారిన కణాలు కనబడితే వాటిని గడ్డకట్టించి గాని, వేడితో కాల్చి గాని తొలగిస్తారు. చాలామంది ఆ రోజే ఇంటికి పోవచ్చు.

30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి పరీక్ష చేయాలని మన ప్రభుత్వం 2016లోనే నిర్దేశించింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30–49 ఏళ్ళవారిలో ఒక్కసారైనా చేయించుకొన్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు! 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో సుమారు 80 వేలమంది ఈ వ్యాధితో మరణించారు.

ఇంకొక మాట. తెల్లబట్ట అయిందనగానే కేన్సరని హడలిపోయి గర్భసంచి తీయించుకొనేవారు మన వైపు ఉన్నారు. ముందు కావలసింది పరీక్ష, కత్తి కాదు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు టీకా ఉంది. టీకా వేయించుకొన్నా, పెద్దయ్యాక పరీక్ష మానరాదు.

మొన్న సెలవుల్లో మా అమ్మను పట్టుబట్టి తీసుకువెళ్ళాను. "ఈ వయసులో నాకిదేమి ఖర్మే!" అని దారి పొడుగునా సణిగింది. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చి, "ఇంతేనా?" అన్నది. ఏ దోషమూ లేదన్నారు. బస్సు ఎక్కాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కయ్యను కూడా ఇలాగే లాక్కొచ్చి ఉంటే బాగుండేదే" అన్నది.

మిత్రులారా! ఈ సంచిక చదివేవారిలో అమ్మో, అక్కో, అత్తయ్యో లేనివారుండరు. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు సిగ్గు పక్కన పెట్టి ఈ సంగతి ఎత్తండి. అబ్బాయిలకు కూడా చెబుతున్నాను, వినడానికి మొహమాటపడకండి. వాళ్ళు "నాకేం, బాగానే ఉన్నాను" అంటే, "అందుకే రమ్మంటున్నాను" అని చెప్పండి.