యువతకు ఏ నాటకం, ఏ ధారావాహిక: ఎంపికకు ఒక కొలమానం

వ్యక్తిత్వ వికాసాన్ని గురించి వెలువడే గ్రంథాలు లక్ష్యసాధన, కాలపాలన, జ్ఞాపకశక్తి, సభలో జంకు లేకుండా మాట్లాడే నేర్పు వంటి అంశాలను విస్తారంగా చర్చిస్తాయి గాని, ఎదుటి మనిషి మనసులో ఏమున్నదో ఊహించగలగడం, తాను తీసుకొనే నిర్ణయం ఎవరి బతుకును ఎటు తిప్పుతుందో ముందుగానే పసిగట్టగలగడం అనే శక్తులను చాలావరకు పక్కన పెడతాయి. ఈ రెండింటినీ కలిపి వివేచన అనవచ్చు. సూత్రాలను బట్టీ పట్టినంత మాత్రాన వివేచన అలవడదు. అనేక జీవితాలను దగ్గరగా గమనించాలి. పన్నెండు, పదమూడేళ్ల వయసువారికి అన్ని జీవితాలను చూసే అవకాశం ఉండదు కనుక, ఆ కొరతను తీర్చే సాధనాలలో నాటకానికి, కుటుంబమంతా కలిసి చూసే ధారావాహికకు ముఖ్యమైన స్థానం ఉంది. ఏది చదవమని, ఏది చూడమని పిల్లలకు చెప్పాలో పెద్దలు శ్రద్ధగా ఆలోచించవలసింది అందుకే.

భారతీయ అలంకారశాస్త్రం ఈ విషయాన్ని ఏనాడో ఆలోచించింది. పదకొండవ శతాబ్దికి చెందిన మమ్మటుడి ‘కావ్యప్రకాశం’ ఆధారంగా పండితులు ఉపదేశాన్ని మూడు విధాలుగా చెబుతారు. రాజాజ్ఞలాగా శాసించేది ప్రభుసమ్మితం, మిత్రుడిలాగా మంచిచెడ్డలు వివరించేది సుహృత్సమ్మితం, ప్రియురాలిలాగా మనసు కరిగించి తనవైపు తిప్పుకొనేది కాంతాసమ్మితం. వేదం మొదటి కోవకు, పురాణేతిహాసాలు రెండవ కోవకు, కావ్యనాటకాలు మూడవ కోవకు చెందుతాయి. ఇక రససిద్ధాంతాన్ని వివరించిన భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం అనే భావన యువతకు మరింత దగ్గరిది. రంగస్థలం మీద హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి పడే శోకం ఒక్క చంద్రమతిదిగా మిగలక, చూసేవారందరూ తమదిగా అనుభవించగల శోకంగా మారడమే సాధారణీకరణం. ఆ అనుభవంలో దుఃఖం నిజమైనదే అయినా దాని దెబ్బ ప్రేక్షకుడి బతుకు మీద పడదు కనుక, అతడు ఏడుస్తూనే ఆలోచించగలుగుతాడు. నిజజీవితంలో కష్టం వచ్చినప్పుడు ఈ వెసులుబాటు దొరకదు.

ఈ సంగతికి మోహన్‌దాస్ గాంధీ బాల్యాన్ని మించిన నిదర్శనం దొరకడం కష్టం. పాఠ్యపుస్తకాలు తప్ప మరేమీ చదవాలనే ఆసక్తి అంతగా లేని ఆ బాలుడి కంట తండ్రి కొన్న శ్రవణుడి పితృభక్తి నాటకం పుస్తకం పడింది. ఊరూరా తిరిగే ప్రదర్శకులు ఇంటికి వచ్చి, గుడ్డివారైన తల్లిదండ్రులను కావడిలో మోసుకొనిపోతున్న శ్రవణుడి బొమ్మను చూపారు. తండ్రి కొనిపెట్టిన వాద్యం మీద ఆ బాలుడు శ్రవణుడి తల్లిదండ్రుల విలాపగీతాన్ని వాయించుకొన్నాడు. అదే రోజులలో తండ్రి అనుమతితో ఒక నాటక సమాజంవారు ఆడిన హరిశ్చంద్ర నాటకం చూశాడు. ఆ కథను మనసులో ఎన్నెన్నోసార్లు తనకు తానే ఆడుకొన్నానని, అందరూ హరిశ్చంద్రుడిలా సత్యవంతులు ఎందుకు కాకూడదనే ప్రశ్న తనను వెంటాడిందని ఆయన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఆ నాటకాల సారాంశం ఇదని ఎవరో విడమరిచి బోధించినట్లు ఆయన రాయలేదు. ఇంట్లో పుస్తకం ఉన్నది, నాటకానికి వెళ్లేందుకు అనుమతి దొరికింది, తక్కినదంతా ఆ బాలుడి ఊహలోనే జరిగింది.

అయితే మనసును ఆకట్టుకొన్న ప్రతి కథా ఇలాంటి మేలు చేయదు. అందుకు కావలసిన కొలమానం ఒక్కటే: ఆ కథలో మనుషులు చేసిన పనులకు ఫలితాలు ఉన్నాయా, లేవా? గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ విషాదాంత నాటకాన్ని గురించి రాస్తూ, ఒక సంఘటన తరవాత మరొక సంఘటన రావడం చాలదని, మొదటిదాని వల్ల రెండవది జరగాలని, చిక్కుముడిని ఎక్కడినుంచో దిగివచ్చిన దేవుడు విప్పడం మంచి కథకు లక్షణం కాదని నిర్ణయించాడు. ఈ లక్షణాన్ని కార్యకారణ సంబంధం అంటారు. ముగింపు అన్నది లేకుండా ఏళ్ల తరబడి ప్రతిరోజూ నడవవలసిన ధారావాహికలో ఈ సంబంధం నిలవడం చాలా కష్టం. కథ ముగియకూడదు కనుక పాత్ర మారకూడదు. పాత్ర మారకూడదు కనుక నిజం బయటపడే ప్రతి సందర్భంలోనూ ఏదో ఒక అడ్డంకి రావాలి. ఇంట్లో విషం కలిపిన మనిషి మరుసటి నెల అదే భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి. అటువంటి కథలను రోజూ చూసే పిల్లలకు అందులోని దుర్మార్గం కన్నా ఎక్కువ హాని చేసేది, చేసిన పనికి ఫలితమే ఉండదనే భావన. కాబట్టి నిర్ణీతమైన భాగాలతో, ముగింపు ముందే నిశ్చయమైన కథను ఎంచుకోవడం మంచిది. 1988లో మొదలై 94 భాగాలతో ముగిసిన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ఎన్నో ఏళ్ల తరవాత కూడా సూచించదగినదిగా నిలవడానికి ఒక కారణం, ద్యూతసభలో మౌనం వహించిన ప్రతి పెద్దమనిషీ ఆ మౌనానికి మూల్యం చెల్లించేదాకా కథ ఆగకపోవడమే.

తెలుగులో ఈ కొలమానానికి నిలిచే నాటకాలలో అగ్రస్థానం గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ది. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అయిదంకాల నాటకంగా అచ్చయి, 1909లో ఏడంకాలకు పెరిగి దాదాపు కొత్త నాటకంగా వెలువడిన ఈ రచన వెనుక ఒక భయంకరమైన లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల, అంటే పిల్లకు వెల తీసుకొని చేసిన పెళ్లిళ్ల, జాబితాను విజయనగర మహారాజు తయారు చేయించగా వాటి సంఖ్య 1,034కు చేరిందని గురజాడ తొలి కూర్పు పీఠికలో తెలిపాడు. పదహారేళ్లు దాటిన విద్యార్థి ముందు ఈ లెక్కను, నాటకంలోని బాలవితంతువు బుచ్చమ్మ మాటలను పక్కపక్కన ఉంచితే, ఒక సామాజిక దురాచారం ఒక్కొక్క ఇంట్లో ఏ రూపం ధరిస్తుందో అతడికి ఏ ఉపన్యాసమూ చెప్పనంత స్పష్టంగా అర్థమవుతుంది.

కాని ఈ నాటకాన్ని సూచించేవారు గిరీశాన్ని గురించి ముందుగా ఆలోచించుకోవాలి. గిరీశం చదువుకొన్నవాడు, మాటకారి, సంస్కరణ భాషను ధారాళంగా మాట్లాడేవాడు. పూటకూళ్లమ్మ డబ్బు కాజేసినవాడు, వెంకటేశానికి చదువు చెబుతున్నానంటూ చుట్టలు నేర్పినవాడు, వితంతు వివాహం పేరుతో బుచ్చమ్మను లేవదీసుకొనిపోయినవాడు కూడా అతడే. యువపాఠకుడు మొదటి పఠనంలో అతడితో కలిసి నవ్వుతాడు, అతడి మాటలను అనుకరిస్తాడు. అది లోపమని పెద్దలు కంగారుపడనక్కరలేదు. వాగ్ధాటి ముందు వివేకం ఎలా తల వంచుతుందో పాఠకుడు తన నవ్వులోనే పట్టుకోగలిగే అవకాశాన్ని గురజాడ కల్పించాడు. చివరి అంకంలో వకీలు సౌజన్యారావు ఎదుట గిరీశం నిజస్వరూపం బయటపడినప్పుడు, అతడిని అంతవరకూ మెచ్చుకొన్న పాఠకుడు తన మెప్పును కూడా తిరిగి పరీక్షించుకోవలసి వస్తుంది. మంచి మాటలు చెప్పే ప్రతివాడినీ నమ్మే వయసులో ఉన్నవారికి ఇంతకన్నా ఉపయోగకరమైన అభ్యాసం ఉండదు.

పెద్దల తోడు ఎందుకు అవసరమో తెలియడానికి దూరదర్శన్ ధారావాహిక ‘హమ్ లోగ్’ అనుభవం చూడాలి. 1984 జూలైలో మొదలై 1985 డిసెంబరులో ముగిసిన ఈ ధారావాహికను మనోహర్ శ్యామ్ జోషి రాశాడు. వినోదంలోనే సామాజిక బోధనను ఇమిడ్చే పద్ధతిని మెక్సికోలో మిగెల్ సబీదో రూపొందించగా, ఆ ప్రేరణతోనే కుటుంబ నియంత్రణ, స్త్రీల స్థితి వంటి విషయాలను ఇందులో చేర్చారు. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ కనిపించి, ఆనాటి కథ మీద ప్రేక్షకులను ఆలోచింపజేసేలా మాట్లాడేవాడు. అయినప్పటికీ, అన్నీ సహిస్తూ నలిగిపోయే ఇల్లాలు భగవంతిని స్త్రీలు అనుసరించకూడని నమూనాగా రచయిత చిత్రిస్తే, చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శంగా భావించారని ఈ ధారావాహికను పరిశీలించిన అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ గుర్తించారు. రచయిత ఉద్దేశం, ప్రేక్షకుడి గ్రహణం ఎప్పుడూ ఒకటే కావు. అంత పెద్ద నటుడు వచ్చి చెప్పినా నిలవని విషయం, ఇంట్లో పక్కన కూర్చున్న తల్లి, మేనమామ, నాయనమ్మ తమ సందేహాన్ని పైకి అన్నప్పుడు నిలిచే అవకాశం ఉంది. తెర మీది మనిషికి పిల్లలు ఎదురు ప్రశ్న వేయలేరు, ఇంట్లోవారికి వేయగలరు.

విషాదాన్ని పిల్లలకు చూపవచ్చునా అనే సంకోచం చాలామందిలో ఉంటుంది. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లో తన కట్నం కోసం తండ్రి పడుతున్న అవస్థ చూడలేక కాళింది ప్రాణం తీసుకొంటుంది, చెల్లెలు కమల అదే వరుణ్ణి పెళ్లాడి, కొనుక్కొన్న వరుడే తన ఇంటికి రావాలని వాదించి మామగారి లోభానికి బుద్ధి చెబుతుంది. ఈ నాటకాన్ని కాళింది మరణం దగ్గర ఆపి చదివితే త్యాగం అందంగా కనిపించే ప్రమాదం ఉంది. అందువల్ల దీన్ని ఒంటరిగా చదవమని కౌమార వయస్కుల చేతికి ఇవ్వకూడదు. పెద్దలు తోడుండి చివరిదాకా చదివించి, అక్క ఎంచుకొన్న దారి అసలు దారే కాదని, చెల్లెలి తెగువే దారి అని తేల్చుకొనేదాకా మాట్లాడాలి. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘పోస్టాఫీసు’ మరొక విధమైన విషాదం. వైద్యుడి ఆంక్షతో గదికే పరిమితమైన అమల్ అనే పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చొని పెరుగు అమ్ముకొనేవాడితో, కావలివాడితో, పూలు కోసే సుధతో మాట్లాడుతూ రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. 1942 జూలై 18న వార్సాలోని యూదుల నిర్బంధ వాడలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు నడిపిన అనాథాశ్రమంలో పిల్లలే ఈ నాటకాన్ని ప్రదర్శించారు. మరుసటి నెలలో ఆ పిల్లలను, వారిని విడిచి వెళ్లడానికి నిరాకరించిన కోర్చాక్‌ను ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. మరణం నీడలో ఉన్న పసివారికి ఒక గొప్ప ఉపాధ్యాయుడు అందించినది మరణాన్ని దాచిన కథ కాదు. ఈ ఒక్క సంఘటన మన సంకోచానికి చాలినంత సమాధానం.

పదేళ్లు దాటిన పిల్లలకు పుస్తకాన్ని, దాని తెర రూపాన్ని జంటగా సూచించడం మంచి పద్ధతి. ఆర్.కె. నారాయణ్ నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో వెలువడింది. శంకర్ నాగ్ దర్శకత్వంలో, ఆగుంబెలో చిత్రీకరించిన ‘మాల్గుడి డేస్’లో అది దూరదర్శన్ ద్వారా ఇంటింటికీ చేరింది. బడి నుంచి పారిపోయి, అడవిలో దారి తప్పి, స్నేహితుడు రాజం ప్రాణప్రదంగా భావించిన క్రికెట్ ఆటకు రాలేకపోయిన స్వామి, ఊరు విడిచి వెళ్తున్న రాజంకు రైలు దగ్గర ఒక పుస్తకం కానుకగా ఇస్తాడు. రాజం క్షమించాడో లేదో అతడికి చివరివరకూ స్పష్టంగా తెలియదు. పిల్లల కథను ఇలా ముగించడానికి రచయితకు ఎంతో నమ్మకం ఉండాలి. నవ్వుకొనే సందర్భానికి 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన గుణ్ణం గంగరాజు ‘అమృతం’ చాలు. అమృతరావు, ఆంజనేయులు పన్నే ఎత్తు దాదాపు ప్రతిసారీ అదే భాగంలో వారి మీదకే తిరుగుతుంది కనుక, హాస్యంలోనూ పనికి ఫలితం ఉంటుందనే సూత్రం అందులో చెక్కుచెదరదు.

ఓటీటీ వేదికలకు 2021 నిబంధనలు నిర్దేశించిన వయోవర్గాలు, అంటే అందరికీ, 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు దాటినవారికి, పెద్దలకు మాత్రమే అనే విభజన, ఏది తగదో చెప్పడానికి పనికివస్తాయి. ఏది మేలో చెప్పలేవు. ఆ పని ఇంటిదే.

నాటక పఠనానికి ఉన్న ప్రత్యేకతను కూడా గుర్తించాలి. అభినయాన్ని నాట్యశాస్త్రం నాలుగు విధాలుగా విభజించింది: అవయవాల కదలిక ఆంగికం, మాట వాచికం, వేషభూషలు ఆహార్యం, కన్నీరు, వణుకు వంటి వాటిగా లోపలి భావం వెలికి రావడం సాత్త్వికం. తెర ఈ నాలుగింటినీ సిద్ధంగా అందిస్తుంది. అచ్చయిన నాటకంలో దాదాపుగా వాచికం మాత్రమే ఉంటుంది, తక్కిన మూడింటినీ పాఠకుడే సమకూర్చుకోవాలి. పాత్రలు పంచుకొని ఇంట్లో బిగ్గరగా చదివినప్పుడు, ‘కన్యాశుల్కం’లోని లుబ్ధావధాన్ల మాటలు పలకవలసి వచ్చిన పిల్లవాడు కాసేపైనా ఆ లోభి లోపలికి వెళ్లి చూడకుండా ఉండలేడు. తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం అంతగా రాని ప్రవాసాంధ్రుల పిల్లలకు వాడుక భాషలో నడిచే నాటకం వర్ణనలతో నిండిన నవల కన్నా సులువుగా అందుతుంది.

చదివిన తరవాత, చూసిన తరవాత ‘ఇందులో నీతి ఏమిటి’ అని పిల్లలను అడిగే అలవాటును ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మానుకోవాలి. ఆ ప్రశ్నకు పిల్లలు పెద్దలు కోరుకొనే జవాబే చెబుతారు. ఎవరు ఏ క్షణంలో వేరేలా నడుచుకోగలిగి ఉండేవారో, అలా నడుచుకొంటే కథ ఎక్కడ మారేదో అడిగితే వారి ఆలోచన బయటికి వస్తుంది. ఏ ఇంటివారైనా ‘కన్యాశుల్కం’ మొదటి అంకంతో ఈ పని ప్రారంభించవచ్చు; ఒక సాయంత్రం, చదివేవారు నలుగురు, వారి మధ్య ఒక పుస్తకం ఉంటే అందుకు సరిపోతుంది.