గుడిలో పియానో: స్పష్టమైన నాదము

పాఠ్యభాగము: 1 కొరింథీయులకు 14:7-9

వాద్యము పలికినప్పుడు ఒక స్వరమునకును మరియొక స్వరమునకును తేడా వినబడనిచో, ఏమి వాయించిరో వినువారికి బోధపడదని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. ఆయన సంగీతపాఠము చెప్పుటలేదు. భాషలనుగూర్చి చెప్పుచు, అందరెరిగిన వాద్యములను సాదృశ్యముగా తీసికొనెను. అయినను ఆ సాదృశ్యము నేడు మన ఆలయములలో ఉన్నదున్నట్లు కనబడుచున్నది.

ఇప్పుడు అనేక గ్రామసంఘములలో యౌవనస్థులు కీబోర్డును ల్యాప్‌టాపునకు కలిపి, అందులోని పియానో సాఫ్ట్‌వేరుతో కీర్తనలకు వాయించుచున్నారు. సంతోషమే. లక్షలు ఖరీదుచేయు పియానో మన పల్లెకు రాదు. వచ్చినను వానకు, ఉక్కకు, ఎలుకలకు నిలువదు. అయితే ఆ ధ్వనిలో మాటలు మునిగిపోగా, వెనుక చాపలమీద కూర్చున్న తల్లులు పాట విడిచి ఊరకుండుట చూచుచున్నాము. పుస్తకము చదువలేక ముందువారి మాట విని పాడువారికి ఆరాధనలో పాలు పోయినట్లే గదా. అందుచేత ఈ మాసము ఈ సంగతిని తీసికొనుచున్నాము.

నిజమైన పియానోకు 88 మెట్లు కలవు. మెట్టు నొక్కగా, ఒత్తిన ఉన్ని తొడిగిన చిన్న సుత్తి తీగెను కొట్టును. మెల్లగా కొట్టిన స్వరము మెత్తగా పలుకును. గట్టిగా కొట్టినది పెద్దదగుటయేగాక పదునుగాను పలుకును. కనుక సాఫ్ట్‌వేరు చేయువారు స్వరములను పలువిధముల బలముతో వాయించి రికార్డు చేయుదురు. ఉచితముగా దొరకు సాలమాండర్ గ్రాండ్ పియానోలో యమహా సి5 పియానో స్వరములు 16 అంతస్తుల బలముతో రికార్డు చేయబడినవి. (పియానోటెక్ అనునది రికార్డింగు లేకయే గణితముచేత తీగెల నాదమును పుట్టించును.) ఆ నాదము మంచిదే. దానిని పాడుచేయునవి మీదమీద చేర్చు అలంకారములు.

వీటిలో మొదటిది రివర్బ్, అనగా కృత్రిమమైన మారుమ్రోత. పెద్ద కెథీడ్రలులో వాయించినట్లు తోపించుటకు దానిని పెట్టుదురు. మన గుడికి సిమెంటు గోడలు, శ్లాబు, నాపరాతి నేల కలవు. అవే కావలసినంత మ్రోత ఇచ్చును. మ్రోతమీద మ్రోత చేరగా ఒక స్వరము చల్లారకముందే మరియొకటి దానిమీద పడును. పాడువారి నోట హల్లులు కరిగి అచ్చులే మిగులును. రివర్బును పూర్తిగా ఆపివేయుడి. కంప్రెషన్ అనునది మెల్లని స్వరమును గట్టిస్వరమును ఇంచుమించు ఒక్క మట్టమునకు తెచ్చును. దానినిగూడ ఆపుడి.

కీబోర్డు వ్రేలి బలమును 1 నుండి 127 వరకు అంకెలతో కొలుచును. కొన్నిటిలో ఎట్లు నొక్కినను ఒకే బలము వచ్చునట్లు దిద్దియుండును. దానిని మార్చనిదే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనను బొమ్మవాద్యమువలెనే పలుకును. పెడలును స్వరసమూహము మారినప్పుడెల్ల విడువవలెను.

పలువురు గమనింపని సంగతి ఒకటి కలదు. ఈ రికార్డింగులు తరచుగా రెండు మైకులతో, కుడి ఎడమ చెవులకు వేరువేరుగా తీయబడినవి. మన గుడిలో స్పీకర్లు రెండున్నను ఆంప్లిఫయరు సాధారణముగా రెండింటికిని ఒకే శబ్దమును పంపును. అప్పుడు ఆ రెండు మైకుల అలలు కలిసి, కొన్నిచోట్ల ఒకదానినొకటి అణచివేయును. ఇయర్‌ఫోనులో ఇంపుగానున్న పియానో గుడిలో డొల్లగా వినబడుటకు ఇదియొక కారణము. ఒక్క వైపు శబ్దమును మాత్రమే ఆంప్లిఫయరునకు పంపి, ఏ వైపు నిండుగానున్నదో చూడుడి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో రాగముతో సాగువాటికి పియానో గమకము పట్టలేదు. ఏ సాఫ్ట్‌వేరు తెచ్చినను మెట్టు మెట్టే. అట్టి కీర్తనలలో రాగమును కంఠములకు విడిచి, పియానో క్రింది స్వరములను పట్టుకొనియుండుటే మేలని మా అభిప్రాయము.

శనివారము సాయంకాలము సరిచూచునప్పుడు వాయించువారు మెట్లయొద్ద మరియొకరిని కూర్చుండబెట్టి, తాము వెనుక చాపలయొద్దకు పోయి వినవలెను. ఖాళీ గుడి కొంచెము ఎక్కువ మ్రోగును. ఆదివారము జనము నిండగా అది తగ్గును. ఒకరు మైకు లేకుండ ఒక చరణము పాడగా మాటలన్నియు అక్కడికి వినబడినయెడల, ఆంప్లిఫయరు మీట ఎక్కడనున్నదో అక్కడ సుద్దతో గీత గీసి యుంచుడి.