వసతిగృహమునకు పోవు మన పిల్లలు

ప్రతి సంవత్సరము వేసవిలో పరీక్షాఫలితములు వెలువడగానే మన పాఠశాల ప్రాంగణము తల్లిదండ్రులతో నిండును. ఏ కళాశాల మంచిది, ఏ చదువు చదివినచో ఉద్యోగము దొరకును, రుసుము ఎంత యగును అని మమ్ము అడుగుదురు. ఈ ప్రశ్నలన్నియు అవసరమైనవే. కాని పిల్లవాడు అక్కడ ఎవరితో కలిసి యుండును, ఎట్లు భుజించును, కష్టము వచ్చినచో ఎవరితో చెప్పుకొనును అని అడుగువారు మిక్కిలి అరుదు.

హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు సేలము, కోయంబత్తూరు, చెన్నై, బెంగుళూరు నగరములలోని కళాశాలలకు పోవుచున్నారు. చదువు మధ్యలో మాని యిల్లు చేరినవారిని కూడ మేము కొందరిని చూచితిమి. వారిలో పాఠములు అర్థము కాక వచ్చినవారికంటె వసతిగృహమున నిలువలేక వచ్చినవారే ఎక్కువ. కావున ఈ సంచికలో ఆ విషయమును గూర్చి తల్లిదండ్రులకు కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థి యొకడు మంచి మార్కులతో ఉత్తీర్ణుడై దూరపు నగరమున ఒక కళాశాలలో చేరెను. ఆ యింట కళాశాల మెట్టు ఎక్కినవారిలో అతడే మొదటివాడు. తండ్రి గులాబీతోట పెంచి జీవించు రైతు. పదునెనిమిదవనాడు తెల్లవారుజామున ఆ బాలుడు రేకుపెట్టెతో బస్సు దిగి యింటికి వచ్చెను. అక్కడి కూడు తనకు పడలేదని మాత్రము చెప్పెను. తల్లి కంట నీరు పెట్టుకొని, ఇక పోవద్దనెను. వారము గడచిన పిమ్మట తండ్రి మా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, వీణ్ణి ఫ్యాక్టరీ పనిలో పెడతాను. ఏ కాగితాలు కావాలో చెప్పండి” అని యడిగెను.

మేము బాలుని ఒంటరిగా కూర్చుండబెట్టి మాటాడితిమి. చాలసేపటికి నిజము బయటపడెను. ఫోటో యిచ్చి భోజనపు కార్డు తీసికొనవలెనని వసతిగృహమున ఇంగ్లీషులో ప్రకటన అంటించిరట. అతనికది సరిగా అర్థము కాలేదు. ఒకనాడు వడ్డించువాడు కార్డు ఏదని యడిగెను. ఇతడు తమిళములో ఏదో సమాధానము చెప్పగా, ఆ యాసకు వెనుక నిలిచినవారు నవ్విరి. నాటినుండి అతడు మెస్సు గడప తొక్కలేదు. వీధి కొట్టులో టీ, బన్ను, అరటిపండ్లతో దినములు గడపెను. చేతిలోని డబ్బు అయిపోయిననాడు బస్సెక్కెను.

తండ్రితో కలిసి మేమే ఆ కళాశాలకు పోతిమి. వార్డెను గారు మర్యాదగా విని, పావుగంటలో కార్డు ఇప్పించిరి. పిమ్మట మమ్ము ఒక్క ప్రశ్న అడిగిరి: “ఈ అబ్బాయి మొదటి రోజే వచ్చి నన్నెందుకు అడగలేదు?” మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆలోచింపగా తప్పు మాదే యని తోచెను. ఆ బాలుడు మా పాఠశాలలో చదివినన్నినాళ్లు అతని దరఖాస్తులన్నియు మేమే నింపితిమి. తండ్రి సంతకము చేసెను. అతడు ఏ కార్యాలయమున కాని నిలిచి తన పని తాను అడుగవలసిన అవసరము కలుగలేదు. మేము దానిని దయ యనుకొంటిమి. పావుగంట పనికై ఒక పిల్లవాని చదువు ఆగిపోవలసినదే. దైవవశమున ఆగలేదు. అతడు తిరిగి చేరి పట్టము పొందెను.

వసతిగృహమునకు పోవు బిడ్డకు పెట్టె, పరుపులకంటె ముందుగా ఈయవలసినది అడుగు ధైర్యము. ఇదియే మేము నేర్చుకొన్న పాఠము. దానికి తోడుగా తెలిసియుండవలసిన విషయములు కొన్ని కలవు.

మొదటిది భోజనపు లెక్క. అనేక వసతిగృహములలో ఖర్చును పంచుకొను పద్ధతి కలదు. దీనినే డివైడింగ్ పద్ధతి యందురు. నెల మొత్తము వంటసామగ్రికి అయిన ఖర్చును, విద్యార్థులందరి హాజరుదినముల మొత్తముతో భాగించి ఒక దినపు ఖర్చు కట్టుదురు. ఉదాహరణమునకు, నెల ఖర్చు 2,70,000 రూపాయలు, అందరి హాజరుదినములు 2,700 అనుకొందము. దినమునకు 100 రూపాయలు పడును. 24 దినములు భుజించిన విద్యార్థి 2,400 రూపాయలు చెల్లించును. అయితే సెలవుపై ఇంటికి వచ్చునపుడు ముందుగా వ్రాసి యిచ్చి సంతకము చేయనిచో, తినని దినములు కూడ సాధారణముగా లెక్కలో చేరును. ఎన్నిదినములు వరుసగా లేనిచో తగ్గింపు దొరకునో ఒక్కొక్కచోట ఒక్కొక్క నియమము. మరికొన్నిచోట్ల నెలకింత యని నిర్ణీతమైన మొత్తమునే తీసికొందురు. చేరిననాడే ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను. ధరావతుగా కట్టిన సొమ్ముకు రసీదు తీసికొని భద్రపరుపవలెను. చదువు ముగించి పోవునపుడు అది లేక యిబ్బంది పడుట మేమెరుగుదుము.

రెండవది గదిలోని సహవాసము. ఇంట తల్లి తీసిన చాప, మడిచిన దుప్పటి అక్కడ ఎవరును తీయరు, మడువరు. ముగ్గురు నలుగురు ఒకే గదిలో నుందురు. ఒకడు తెల్లవారుజామున చదువును, వేరొకడు అర్ధరాత్రి వరకు దీపము ఆర్పడు. తన వస్తువులను తాళము వేసి యుంచుకొనుట, ఇతరుల వస్తువును అడుగక ముట్టకుండుట, నచ్చని దానిని కోపము లేక మొదటి వారములోనే చెప్పుట అలవడినచో సగము తగవులు పుట్టవు. రాగిసంగటి తిని పెరిగిన బిడ్డకు అక్కడి యిడ్లీ, సాంబారు కొన్నాళ్లు కొత్తగా నుండును. అది జబ్బు కాదు.

మూడవది భాష. మన బిడ్డల తమిళమునందు తెలుగు యాస వినబడును. ఇంగ్లీషు మాటకు తడుముకొందురు. అందులో సిగ్గుపడవలసినది లేదు. ఇంటిభాష ఒకటి, రాష్ట్రభాష ఒకటి, కళాశాల భాష ఒకటి, ఈ మూటిని మోయుచు నడచు బిడ్డ ఒక్క భాష మాత్రమే తెలిసినవానికి తీసిపోడు. అర్థము కాని ప్రకటనను ప్రక్కవానిని అడిగి తెలిసికొనుమని బిడ్డకు చెప్పుడు. తోటివారు ఒకసారి నవ్వినచో తానును నవ్వి యూరకుండవచ్చును. కాని యాసను పట్టుకొని దినదినము అవమానించుట, మాటాడక వెలివేయుట వేరు. అది చట్టము మాన్పవలసిన దోషము.

ఇచ్చట ర్యాగింగును గూర్చి చెప్పవలసియున్నది. తమిళనాడు శాసనసభ 1997లోనే దానిని నిషేధించుచు చట్టము చేసెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో దేశమంతటికి నిబంధనలు చేసెను. కొత్త విద్యార్థులను వీలైనంతవరకు వేరు భవనమున ఉంచవలెననియు, విద్యార్థియు తల్లిదండ్రులును ప్రమాణపత్రము ఈయవలెననియు వానిలో కలదు. 2016లో చేసిన సవరణ మనవంటివారు ప్రత్యేకముగా గమనింపదగినది. కులము, మతము, ప్రాంతము, ఆర్థికస్థితి మొదలగువానితో పాటు భాషను కారణముగా గొని విద్యార్థిని బాధించుటయు, వెలివేయుటయు ర్యాగింగే యని అందు స్పష్టముగా చేర్చిరి. 1800-180-5522 అను నంబరునకు ఉచితముగా ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. తల్లిదండ్రులు ఆ ప్రమాణపత్రమును చదువక సంతకము చేయరాదు. బిడ్డతో కలిసి చదివి, అర్థము చెప్పి, పిమ్మట సంతకము చేయవలెను.

నాలుగవది ఇంటిమీది బెంగ. మొదటి నెలలో ఇది సహజము. బిడ్డ ఫోనులో ఏడ్చినంత మాత్రమున “వచ్చేయి నాయనా” అనరాదు. అట్లని “మగవాడివి, ఏడుపేమి?” అని కసరుటయు తప్పే. ఏమి తింటివి, ఎవరితో తింటివి, నిన్న రాత్రి నిద్ర పట్టినదా అని నెమ్మదిగా అడుగుడు. మా విద్యార్థి తల్లి “ఎవరితో తింటివి?” అని ఒక్కమారు అడిగియుండినచో, ఆ పదునెనిమిది దినముల ఆకలి మూడవనాడే తెలిసియుండెడిది. తిండి మానుట, నిద్ర లేకుండుట, ఎవరితోను మాటాడకుండుట వారముల తరబడి సాగినచో ఆలస్యము చేయక పోయి చూడవలెను. మనసు క్రుంగినవారికి సలహా చెప్పుటకు 2022లో కేంద్రప్రభుత్వము టెలీమానస్ అను సేవను ప్రారంభించెను. దాని నంబరు 14416. అక్కడ అనేక భాషలలో మాటాడవచ్చును.

ఇక ఆడబిడ్డల మాట. వసతిగృహమనగానే భయపడి, మార్కులున్నను కూతుళ్లను పంపని యిండ్లు మనలో నేటికిని కలవు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితమునందలి యొక సంఘటన వారికి వినిపింపదలచితిమి. ఆమె ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోయినపుడు స్త్రీలకు అక్కడ వసతిగృహము లేదు. ఆమె వెనుదిరుగలేదు. పత్రికలో ప్రకటన యిచ్చి, చదువగోరు మరికొందరు యువతులను కూర్చుకొని వసతి యేర్పరచుకొనిరి. పిమ్మట న్యాయవాదియై, రాజ్యాంగసభలో సభ్యురాలైరి. నాడు ఆమె లేని వసతిని కల్పించుకొనవలసివచ్చెను. నేడు ఉన్న వసతిని పోయి చూచి, వార్డెనుతో మాటాడి, రాత్రి రాకపోకల నియమములు తెలిసికొని, బిడ్డను నమ్మి పంపుటయే మన పని.

కళాశాల తెరచుటకు ముందు దొరకు రెండు నెలలలో ఇంటనే ఈ శిక్షణ మొదలిడవచ్చును. బిడ్డ తన బట్టలు తానే ఉతుకుకొననిండు. బ్యాంకునకు, తపాలాకచేరికి ఒంటరిగా పంపుడు. దరఖాస్తును తన చేతితోనే నింపనిండు. తప్పు పోయినచో మరల నింపనిండు. నెలకు కొంత సొమ్ము యిచ్చి లెక్క వ్రాయుమనుడు. మా పాఠశాలలో ఆనాటినుండి విద్యార్థుల దరఖాస్తులు మేము నింపుట మానితిమి. వారు నింపుదురు, మేము ప్రక్క నిలిచి చూతుము. మొదట కాగితములు చాల పాడైనవి. పాడైన కాగితము మరల దొరకును.

ఆ పూర్వవిద్యార్థి మొన్న జూన్ నెలలో పాఠశాలకు వచ్చి, కళాశాలకు పోబోవు పిల్లలతో అరగంట మాటాడెను. “ఆకలైతే అడగండి; అర్థం కాకపోతే ఇంకా ముందే అడగండి” అని ముగించెను. మేము ఇన్ని మాటలలో చెప్పినది అతడు ఒక్క వాక్యమున చెప్పెను. ఈ సంవత్సరము బయలుదేరు మన బిడ్డలందరు ఆ మాటను పెట్టెలో అన్నింటికంటె పైన సర్దుకొని పోవుదురు గాక.