ఢిల్లీ నుంచి టోక్యోకు ఎన్ని గంటలు? ఇంట్లో చేయించదగ్గ ఒక లెక్క



'కాలం = దూరం ÷ వేగం' అనే సూత్రం మన పిల్లలకు నోటికి వచ్చు. కానీ దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆగి ఆలోచించాలో తెలిస్తేనే మార్కులు నిలుస్తాయి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో ఈ ఆదివారం ఒక అరగంట కూర్చుని ఈ లెక్క చేయించండి.

ప్రశ్న: ఒక విమానం ఢిల్లీలో రాత్రి 8 గంటలకు బయలుదేరి, మర్నాడు ఉదయం 7.30కి టోక్యోలో దిగింది. తిరుగు విమానం టోక్యోలో ఉదయం 11 గంటలకు బయలుదేరి, సాయంత్రం 5 గంటలకు ఢిల్లీ చేరింది. అన్నీ స్థానిక సమయాలే. ఏ ప్రయాణానికి ఎక్కువ సమయం పట్టింది?

పిల్లలు వెంటనే తీసివేత చేసి, "వెళ్లేటప్పుడు పదకొండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఆరు గంటలు" అంటారు. తప్పని చెప్పేయకండి. "ఆ రెండు టైములూ ఒకే గడియారంలోవేనా?" అని మాత్రం అడగండి.

మొదటి మెట్టు, గడియారం: మన ప్రామాణిక సమయం 82½° తూర్పు రేఖాంశానిది. అది మన కాకినాడ దగ్గరగా వెళ్తుంది. జపాన్‌ది 135°. తేడా 52½°. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 210 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు. జపాన్ మనకంటే ముందుంది. కాబట్టి వెళ్లేటప్పుడు 11.30లో 3.30 తీసేస్తే 8 గంటలు. వచ్చేటప్పుడు 6కు 3.30 కలిపితే తొమ్మిదిన్నర గంటలు. జవాబు తిరగబడింది!

రెండో మెట్టు, దూరం: భూగోళం మీద ఈ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దూరం సుమారు 5,860 కిలోమీటర్లు. గంటకు 900 కి.మీ. వేగంతో ఆరున్నర గంటలే కావాలి. మిగతా సమయం ఎటు పోయింది? రన్‌వే దాకా నడవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కొంత. దగ్గరి దారి టిబెట్ పీఠభూమి మీదుగా ఉండటం మరికొంత. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేల సగటు ఎత్తే 4,500 మీటర్లు! అందుకే విమానాలు సాధారణంగా దక్షిణంగా చుట్టి వెళ్తాయి.

మూడో మెట్టు, గాలి: సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు 'జెట్ స్ట్రీమ్' అనే బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో జపాన్ మీద అది గంటకు 300 కి.మీ. కూడా దాటుతుంది. వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. పాఠంలోని 'పడవ – ప్రవాహం' లెక్కే ఇది. గాలి వేగం 100 అనుకుంటే, నేల మీద విమానం వేగం వెళ్లేటప్పుడు 1,000, వచ్చేటప్పుడు 800.

ఇంట్లో గ్లోబు ఉంటే ఢిల్లీ, టోక్యోల మధ్య దారం బిగించి పట్టుకోమనండి. అదే దారిని గోడ మీది మ్యాపులో వెతికితే వంపు తిరిగి కనిపిస్తుంది. ఎందుకో పిల్లలనే చెప్పనివ్వండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క: హైదరాబాద్‌లో ఉదయం 10కి బయలుదేరిన విమానం దుబాయ్ సమయం ప్రకారం మధ్యాహ్నం 12.15కి దిగింది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ప్రయాణం ఎంతసేపు? జవాబు 3 గంటల 45 నిమిషాలు. గల్ఫ్‌లో మీ బంధువులెవరైనా ఉంటే, వారి తర్వాతి టికెట్ లెక్క మీ పిల్లలకే అప్పగించండి. జవాబుతో సరిపెట్టుకోకుండా, అది ఎలా వచ్చిందో కూడా చెప్పించండి.