జాబితాలో పేరు లేనప్పుడు

పాఠ్యభాగము: నెహెమ్యా 1వ అధ్యాయము, 2:1–8

జూన్ మాసము వచ్చెననగా మన కృష్ణా డెల్టాలో రెండు విధములైన ఎదురుచూపులు మొదలగును. రైతు కాలువ నీటికై బ్యారేజీ వైపు చూచును. ఇంటర్మీడియట్ ముగించిన బిడ్డ గల తలిదండ్రులు కళాశాలలో సీటుకై కంప్యూటరు వైపు చూతురు. నీరు ఆలస్యమైనప్పుడు ఏ రైతును తన పొలమును నిందింపడు. సీటు ఆలస్యమైనప్పుడు మాత్రము మనము బిడ్డనే నిందింతుము. ఈ మాసము ఆ ఆలస్యమును గూర్చి ధ్యానింతము.

గత సంవత్సరము మేము బందరు కాలువ ప్రక్కనున్న ఒక గ్రామములో ఒక విశ్వాసుల ఇంటికి పోతిమి. ఆ ఇంటి పిల్లవాడు ఈఏపీసెట్ వ్రాసెను గాని మొదటి విడత కేటాయింపులో వానికి ఏ సీటును రాలేదు. తండ్రి అరుగు మీద కూర్చుండి, అడిగినవారికెల్ల "ఇంకా తెలియలేదండి" అని చెప్పుచుండెను. తల్లి అన్నము కంచములో పెట్టి మూత వేసి యుంచెను. పిల్లవాడు గదిలో గోడవైపు తిరిగి పండుకొని యుండెను. మేము లోపలికి పోగానే మా నోట వచ్చిన మొదటి మాట, "ర్యాంకు ఎంత వచ్చింది బాబూ?" అనునదే. వాడు తల యెత్తలేదు. తల్లి మెల్లగా, "అయ్యగారూ, వాడు నిన్నటినుంచి అన్నం తినలేదండి" అనెను. ఓదార్చుటకు పోయిన మేము పరీక్షాధికారివలె మాటలాడితిమి. ఆ సిగ్గు మమ్మును ఇంకను విడువలేదు. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

1. నాలుగు నెలల కాలము

నెహెమ్యా కిస్లేవు మాసములో యెరూషలేము గోడల దుర్దశను గూర్చి వినెను. రాజు నోట అనుకూలమైన మాట నీసాను మాసములో వచ్చెను. నడుమ సుమారు 4 నెలలు గడచెను. ఆయన రాజునకు గిన్నె అందించువాడు. అనగా అడుగవలసిన వానికి అంత సమీపమున ఉండియు కనిపెట్టవలసి వచ్చెను.

ఆ కాలములో ఆయన ఏమి చేసెను? ఏడ్చెను, ఉపవాసముండెను, ప్రార్థించెను. ఇది మొదటి అధ్యాయము. మనలో అనేకులము ఇక్కడనే గ్రంథము మూయుదుము. రెండవ అధ్యాయము కూడ చదువుడి. నీకేమి కావలెనని రాజు అడిగినప్పుడు నెహెమ్యా తడబడలేదు. ఎంత కాలము పట్టునో చెప్పెను. నది అవతలి అధికారులకు తాకీదులు కోరెను. అడవులను కాయు ఆసాపు పేరు ఆయనకు తెలిసియుండెను. ఏ ఏ పనులకు మ్రానులు కావలెనో అదియు చెప్పెను. ఇవన్నియు ఆ నిమిషమున తోచిన మాటలని మనము తలంపలేము. కనిపెట్టు దినములలోనే ఆయన లెక్క సిద్ధపరచుకొని యుండెను.

మన పాఠమంతయు ఇంతే: కన్నీటిని అణచవద్దు, ప్రార్థనను మానవద్దు, లెక్కను మరువవద్దు. ఈ మూటిలో ఏ ఒక్కటి తప్పినను కనిపెట్టుట కేవలము కూర్చుండుటయే యగును.

2. ఆలస్యము తీర్పు కాదు

సీటు రాలేదు అనుటకును, బిడ్డ పనికిరాడు అనుటకును మిక్కిలి భేదము కలదు. కేటాయింపు ఎట్లు జరుగునో తెలిసికొనిన యెడల ఈ భేదము స్పష్టమగును. విద్యార్థి తాను కోరిన కళాశాలలను, శాఖలను వరుసగా వ్రాసి ఇచ్చును. ర్యాంకు ప్రకారము, రిజర్వేషను నియమముల ప్రకారము, వాని వంతు వచ్చునప్పటికి ఆ వరుసలో ఖాళీగా నున్న మొదటి సీటు వానికి చెందును. వ్రాయని కళాశాల ఖాళీగా నున్నను వానికి రాదు. యంత్రము వాని మనస్సును ఎఱుగదు, వాని గుణమును తూచదు. చేతనున్న జాబితాను మాత్రమే చదువును.

మన పొరుగున భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని జ్ఞాపకము చేసికొనుడి. ఆయన మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడగుటచే ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. మద్రాసు వైద్య సర్వీసులో చేర ప్రయత్నించెను గాని చోటు దొరకలేదు. ఆయన ఊరకుండక ఒక ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, అమెరికా పోవుటకు కావలసిన సహాయము సమకూర్చుకొనెను. 1925లో ఫిస్క్ పండితునితో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరపు పరీక్షాపద్ధతి నేటికిని వారిరువురి పేర్లతోనే పిలువబడుచున్నది. ఆయనకు తలుపు మూసిన జాబితాలను నేడు ఎవరును చదువరు.

అట్లని తప్పినవారందరు గొప్పవారగుదురని మేము చెప్పము. ఒక జాబితా ఒక దినమున ఒక సంగతినే చెప్పునని మాత్రము చెప్పుచున్నాము.

3. మ్రానులకై లేఖ సిద్ధపరచుట

ఇక లెక్కకు వత్తము. కనిపెట్టుచున్న ఇంటిలో ఈ పనులు జరుగవలెను.

మొదటిది, ఏ కారణమున రాలేదో కనుగొనుడి. మేము చెప్పిన పిల్లవాడు వ్రాసిన కోరికలు ఆరు మాత్రమే. ఆరును విజయవాడ చుట్టునున్న పేరుగల కళాశాలలే. "ఇంకేమైనా రాస్తే అవే వస్తాయేమోనని భయపడ్డానండి" అని వాడు తరువాత చెప్పెను. ఈ భయము అనేకులకు కలదు. నిజముగా కోరినదానిని పైన వ్రాసినవానికి క్రింద వ్రాసిన వాటివలన నష్టము లేదు. పైవి దొరకనప్పుడే క్రిందివి వచ్చును. చేరుటకు ఎంతమాత్రము ఇష్టములేనిదానిని మాత్రము వ్రాయకుడి. గత సంవత్సరము ఏ ర్యాంకు వరకు ఏ శాఖలో సీటు వచ్చినదో చూచి వ్రాయుడి.

రెండవది, విడతల నియమము తెలిసికొనుడి. తరువాతి విడతలో పాల్గొని క్రొత్త సీటు పొందినయెడల పాత సీటు రద్దగును. కనుక చేతనున్న సీటుకంటె మేలైనవాటినే అప్పుడు కోరవలెను. సీటు వచ్చిన పిమ్మట గడువులోగా కళాశాలలో హాజరు కానివాడు దానిని పోగొట్టుకొనును. వైద్య సీట్లకు కూడ విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయము విడతలుగానే కేటాయింపు జరుపును.

మూడవది, కాగితములు సిద్ధముగా నుంచుడి. మార్కుల పత్రము, టి.సి., ఆరవ తరగతినుండి ఇంటర్మీడియట్ వరకు చదువు ధ్రువపత్రములు, కుల, ఆదాయ ధ్రువపత్రములు ఒక సంచిలో నుండవలెను. ఒక చోట తాత్కాలికముగా డిగ్రీలో చేరునట్లయితే, మానివేసినప్పుడు అసలు పత్రములును రుసుమును తిరిగి ఇచ్చు నిబంధన ఏమో ముందుగా వ్రాతమూలముగా అడుగుడి.

నాలుగవది, మరల వ్రాయదలచినయెడల ఏది పెంచుకొనవలెనో లెక్క చూడుడి. ఈఏపీసెట్‌లో ఇంజనీరింగు వారికి 160 ప్రశ్నలు. అందు సగము, అనగా 80, గణితమే. తప్పు జవాబునకు మార్కు తగ్గదు గనుక ఏ ప్రశ్నను విడువరాదు. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. సరియైనదానికి 4 మార్కులు కలియును, తప్పునకు 1 తగ్గును. కనుక అక్కడ తెలియనిదానిని విడుచుటయు ఒక విద్యయే. జేఈఈ మెయిన్ సంవత్సరమునకు రెండు పర్యాయములు జరుగును, మేలైన ఫలితమే లెక్కకు వచ్చును. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతము పాలు ఇచ్చు పద్ధతి కోవిడ్ కాలమున ఆగి 2023లో మరల వచ్చినది. కాబట్టి కోచింగ్ పేరిట ఇంటర్ పుస్తకములను అటక మీద పెట్టుట తెలివి కాదు. నియమములు మారుచుండును గనుక ప్రతి సంవత్సరపు ప్రకటనను తండ్రియు బిడ్డయు కలిసి చదువవలెను.

అయిదవది, హద్దు ముందే వేసికొనుడి. నెహెమ్యా రాజుతో కాలము నిర్ణయించి చెప్పెను. నీట్‌ను ఎన్ని పర్యాయములైనను వ్రాయవచ్చును. పరీక్షలో హద్దు లేదు గనుక ఇంటిలోనే హద్దు ఉండవలెను. ఒక సంవత్సరమా, రెండా? ఎంత సొమ్ము? అప్పుడును రాకున్న ఏమి చేయుదుము? ఈ మూడు ప్రశ్నలకు బిడ్డ ఒప్పుకొనిన జవాబు లేకుండ లాంగ్ టెర్మ్ తరగతులలో చేర్పింపకుడి. సొమ్మిచ్చిన సీటు ఇప్పించెదమను మధ్యవర్తుల మాట నమ్మి పొలము తాకట్టు పెట్టకుడి. కోపముతోను భయముతోను వ్రాసిన దస్తావేజు బిడ్డ వీపుమీదనే బరువగును.

4. బితూనియ మూయబడినప్పుడు

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో పౌలు ఆసియలో బోధింపగోరెను, ఆటంకము కలిగెను. బితూనియకు పోవ యత్నించెను, అదియు మూయబడెను. రెండు తలుపులు మూయబడిన పిమ్మట ఆయన త్రోయకు వచ్చెను. మాసిదోనియ పిలుపు అక్కడనే వినబడెను.

ఒక దారి మూయబడినప్పుడు ప్రక్కదారులను తక్కువగా చూడకుడి. డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే ప్రవేశింపవచ్చును. వైద్యము కోరినవారికి నర్సింగు, ఫార్మసీ కలవు. 1945నుండి బాపట్లలో వ్యవసాయ కళాశాల కలదు. మంచి డిగ్రీ కళాశాలలో సైన్సు చదివి పై చదువులకు పోవువారును కలరు. ఇవి ఓడినవారి దారులు కావు. ఇష్టపడి నడచువారికి ఇవియు రాజమార్గములే.

5. ఇంటివారును సంఘమును

ఫలితములు వచ్చిన ఆదివారమున మనము సీటు వచ్చిన బిడ్డల పేర్లు చదివి కృతజ్ఞతార్పణలు అందుకొందుము. అది మంచిదే. ఆ గంటలో వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్న బిడ్డను ఎవరు చూచుచున్నారు? సంతోషించువారితో సంతోషించుట నేర్చుకొంటిమి. ఏడ్చువారితో ఏడ్చుట సగమే నేర్చుకొంటిమి. పేర్లు చదువకుండనే, కనిపెట్టుచున్న వారందరి కొరకు ఆ దినమున ఒక ప్రార్థన చేయవచ్చును గదా.

తలిదండ్రులారా, ఇరుగుపొరుగు బిడ్డతో పోల్చుట మానుడి. బిడ్డ తిండి, నిద్ర కనిపెట్టి చూడుడి. మాటలు తగ్గినను, తాను బ్రదుకుట వ్యర్థమన్న మాట ఒక్కసారి వినబడినను, దానిని కోపమని త్రోసివేయకుడి. ఆ బిడ్డను ఒంటరిగా విడువక వెంటనే వైద్యునికి చూపుడి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యలో ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులోనే మాటలాడవచ్చును. సీటు మరుసటి సంవత్సరము వచ్చును, బిడ్డ మరల రాడు.

ఆ గ్రామములో ఆ సాయంకాలము మేము పిల్లవాని ప్రక్కన కూర్చుండి, "మేము అడిగిన మాట తప్పు బాబూ, క్షమించు" అంటిమి. వాడు చాలసేపటికి లేచి కూర్చుండెను. తల్లి కంచము తెచ్చెను. వారము దినముల పిమ్మట తండ్రియు కొడుకును కలిసి, ఆరు కోరికల స్థానమున నలువది వ్రాసిరి. చివరి విడతలో సీటు వచ్చినది. కోరిన శాఖ కాదు, ఊరికి దూరము కూడ. వాడిప్పుడు చదువుచున్నాడు, ఇంటికి వచ్చినప్పుడు తండ్రితో కలిసి పొలము పోవుచున్నాడు.

మన డెల్టాకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1855లో పూర్తియైన విజయవాడ ఆనకట్ట 1952లో తెగిపోయెను. 1957లో ప్రకాశం బ్యారేజీ నిలిచెను. నడుమ అయిదు సంవత్సరములు మన పెద్దలు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. నేటికిని నాగాయలంక, కృత్తివెన్ను శివారు భూములకు నీరు అందరికంటె వెనుక చేరును. అక్కడి రైతు నీరు రాకమునుపే బోదె పూడిక తీయును, గట్టు వేయును, నారుమడి చదును చేయును. నీరు వచ్చిన దినమున అతని మడి సిద్ధముగా నుండును. కనిపెట్టుట అనగా అదియే.

కుటుంబముగా ఆలోచించుటకు:

1. నెహెమ్యా ప్రార్థనలో ఉన్నవేవి, రాజునెదుట చెప్పిన జవాబులో ఉన్నవేవి? రెండు పట్టికలు వ్రాయుడి.

2. మన ఇంటిలో బిడ్డను మొదట అడుగు ప్రశ్న ఏది? దానికి బదులు ఏమి అడుగవచ్చును?

3. ఈ వారము మనము సిద్ధపరచవలసిన కాగితమేది, పరామర్శింపవలసిన ఇల్లేది?

ప్రార్థన: తండ్రీ, కనిపెట్టుచున్న మా బిడ్డలను నీ చేతిలో ఉంచుచున్నాము. వారికి ధైర్యమును, మాకు మృదువైన నోటిని దయచేయుము. తలుపు తెరచు దినమున మేము సిద్ధముగా కనబడునట్లు చేయుము. ఆమేన్.