మనిషి ట్యాంకులోకి, మురుగు వంకలోకి దిగకూడదు

చిలమత్తూరు వైపు వంకల నీళ్లు చిత్రావతికి చేరతాయి. బాగేపల్లి మీదుగా వచ్చే ఆ ఏరు పుట్టపర్తి, ధర్మవరం దాటి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. నిండుగా పారే ఏట్లో మురుగు పడితే ఎంతో కొంత పలచబడుతుంది. మన వంకల్లో ఆ నీళ్లే లేవు. పడినది పడినట్టే ఇసుకలోకి, రాతి పగుళ్లలోకి ఇంకి ఎవరి బోరుకో చేరుతుంది.

చేయకూడనివి

సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు, ఎవరినీ దింపకూడదు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి, ఊపిరికి సరిపడా ఆక్సిజన్ ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసనే తెలియదు. అందుకే ‘కంపు పోయింది, ఇక దిగొచ్చు’ అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. మూత ఒక గంట తీసి పెట్టినంత మాత్రాన గాలి బాగుపడదు. అడుగున మడ్డి కదిలితే గ్యాస్ మళ్లీ పైకి తన్నుకొస్తుంది.

ఒకరు పడిపోతే తీయడానికి రెండోవారు దిగుతారు, ఆ వెనక మూడోవారు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఇలా ఒకే ట్యాంకులో చనిపోయిన ఘటనలు దేశంలో ఎన్నో. మనసు ఆగకపోయినా దిగవద్దు. 101కి, 108కి ఫోన్ చేయండి. నడుముకు తాడు కట్టి ఉంటే పైనుంచే లాగండి.

అగ్గిపుల్ల గీయొద్దు, బీడీ వెలిగించొద్దు, మీథేన్ అంటుకుంటుంది. యాసిడ్ పోయొద్దు, మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పచ్చి మడ్డిని ఆకుకూరల మళ్లకు పారించొద్దు, అందులోని ఏలికపాముల గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు పనిలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. మనకు దగ్గరలోని కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడు బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని మాన్పించడానికే పోరాడుతున్నారు.

చేయవలసినవి

ట్యాంకును రెండు మూడేళ్లకోసారి యంత్రంతోనే తోడించండి. మూత పిల్లలు ఎత్తలేనంత బరువుగా, పగుళ్లు లేకుండా ఉండాలి. గ్యాస్ గొట్టం ఇంటి కప్పు దాటి, చివర దోమల వల కట్టి ఉండాలి. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటిని వీధి కాలువకు కాక ఇంకుడు గుంతకు మళ్లించండి. ఆ గుంత బోరుకు కనీసం పద్దెనిమిది మీటర్లు ఎడంగా ఉండాలి. మనది పగుళ్లున్న రాతినేల, ఇంకా ఎక్కువ దూరం వదిలితే మేలు.

కొత్తగా కట్టుకునేవారికి రెండు గుంతల మరుగుదొడ్డి మంచిది. ఒకటి నిండితే మూసి, రెండోది వాడాలి. మూసినదాన్ని రెండేళ్లు కదిలించకుండా వదిలేస్తే లోపలిది ఎరువవుతుంది. వంటింటి, స్నానాల నీళ్లు అందులో కలపకుండా అరటి, మెట్టతామర మొక్కలకు పెట్టండి. ఈ కరువు నేలలో ఆ నీళ్లను కాలువ పాలు చేయడం అన్యాయం.

ట్యాంకు తోడే బండివాణ్ని డబ్బులిచ్చే ముందే అడగండి: ‘అన్నా, ఇది ఎక్కడ పోస్తావు?’ రాత్రిపూట వంకలో వదిలేసే బండికి మనమే కూలి ఇస్తున్నామన్నది మరవకూడదు. బెంగళూరు రోడ్డు మీదే ఉన్న దేవనహళ్లిలో 2015 నుంచి ఇలాంటి మడ్డిని శుద్ధి చేస్తున్నారు. రోజుకు ఆరు వేల లీటర్ల కోసం కట్టిన చిన్న కేంద్రం అది. మడ్డిని ఎండబెట్టి ఎరువుగా మారుస్తారు, నీటిని మొక్కలు నాటిన కంకర గుండా వడపోస్తారు. నాలుగైదు పంచాయతీలు కలిస్తే మన దగ్గరా ఇలాంటిది సాధ్యమే. గ్రామసభలో ఈ మాట ఎత్తండి. అంతవరకు, వంకలో పోస్తున్న బండి కనిపిస్తే నంబరు, చోటు, సమయం రాసుకుని పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.