కనురెప్పల జబ్బులు: ఇంట చేయదగినది, చేయరానిది

ఎద్దు కుంటినను, బావి మోటారు ఆగినను తత్‌క్షణమే పరుగెత్తు మన రైతులు తమ కనురెప్పపై కురుపు లేచినప్పుడు మాత్రము ఎవరేది చెప్పిన అది కంటిలో పోయుదురు. పొలము పని చేయువానికి కన్నులను మించిన పెట్టుబడి లేదు గదా! కావున రెప్పలకు సాధారణముగా వచ్చు జబ్బులను గుర్తించుట ఎట్లో, ఇంట చేయదగినదేదో, ఎప్పుడు వైద్యుని యొద్దకు పోవలెనో ఈ నెల మన సభ్యులకు తెలుపనెంచితిమి.

రెప్ప అంచున వెండ్రుకల వరుసకు లోపలివైపున సన్నని నూనె గ్రంథులు కలవు. ఇవి పై రెప్పలో ఇంచుమించు 25 మొదలు 40 వరకు, క్రింది రెప్పలో 20 మొదలు 30 వరకు నుండును. వీనినుండి వచ్చు నూనె కన్నీటిపై పలుచని పొరగా పరచుకొని కన్ను ఎండిపోకుండ కాపాడును. తూము పూడినచో కాలువ ఉబ్బినట్లే, ఈ గ్రంథుల నోళ్లు పూడినచో రెప్ప ఉబ్బును. రెప్పల జబ్బులలో పెక్కింటికి ఇదియే మూలము.

కంటికురుపు: రెప్ప అంచున ఎఱ్ఱగా, నొప్పితో వడ్లగింజంత లేచి, కొన్ని దినములలో కొనయందు చీము పట్టును. దీనికి కాపడమే మందు. చేతులు సబ్బుతో కడుగుకొని, శుభ్రమైన గుడ్డను వేడినీటిలో ముంచి పిండి, మణికట్టుపై ఆనించి వేడి ఓర్వదగినంతయే యున్నదని చూచుకొని, మూసిన రెప్పపై 10 నిమిషములు ఉంచవలెను. గుడ్డ చల్లారిన మరల ముంచవలెను. ఇట్లు దినమునకు 3, 4 మారులు చేసినచో కురుపు తనంతట పగిలి, సాధారణముగ ఒకటి రెండు వారములలో మానును. దానిని గోటితో నొక్కుటగాని, ముల్లుతో గ్రుచ్చుటగాని కూడదు. విషము రెప్పయంతటికిని ప్రాకును.

నొప్పిలేని గడ్డ: ఇది అంచునకు కొంచెము ఎడముగా, శనగగింజవలె గట్టిగా తగులును. దీనికిని కాపడమే. కాపడము పిమ్మట గడ్డనుండి రెప్ప అంచువైపునకు వ్రేలితో మెల్లగా రాయవలెను. కరగుటకు కొన్ని వారములు పట్టును. నెల దాటినను తగ్గనిచో వైద్యుడు చిన్న కోతతో తీసివేయును. పెద్దవయసు వారికి గడ్డ ఒకేచోట మాటిమాటికి లేచినను, అచ్చటి వెండ్రుకలు రాలినను అది పుట్టకురుపు కావచ్చును. అట్టివారు తప్పక చూపించుకొనవలెను.

రెప్ప అంచుల వాపు: అంచులు ఎఱ్ఱబారి, వెండ్రుకల మొదళ్లలో చుండువంటి పొట్టు కట్టును. దురద, ఇసుక పడినట్లు గరగర యుండును. ఉదయమున పుసి కట్టి రెప్పలు అంటుకొనును. కాపడము పిమ్మట, కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూదితో అంచు వెంబడి తుడువవలెను. ఇది చేనిలోని తుంగవంటిది, ఒక్కసారితో పోదు. తగ్గినను దినమునకొక మారు శుభ్రపరచుట మానరాదు. తలలో చుండు ఉన్నచో దానికిని చికిత్స చేసికొనవలెను.

లోనికి తిరిగిన వెండ్రుకలు: పూర్వము ట్రకోమా అను అంటుజబ్బు సోకిన వృద్ధులలో రెప్ప లోపల మచ్చకట్టి, వెండ్రుకలు లోనికి తిరిగి, నల్లగ్రుడ్డును గీయుచుండును. భారతదేశమున ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో గుర్తించినది. అయినను పాత మచ్చలు మిగిలినవారు ఉండవచ్చును. ఇంట పట్టకారుతో పెరికిన వెండ్రుకలు మరల మొలచి మరల గీయును. దీనికి ఇంటివైద్యము లేదు, శస్త్రచికిత్సయే శరణ్యము.

ఇక చేయరాని పనులు. ఆకుపసరు, చనుబాలు, అరగదీసిన లవంగము కంటికి తగులనీయరాదు. వానివలన కొత్త సూక్ష్మజీవులు చేరుటయో, కన్ను మండుటయో జరుగును. మందుల అంగడిలో అడిగి తెచ్చిన చుక్కలలో స్టెరాయిడ్ ఉండవచ్చును. అది ఎఱుపును త్వరగా తగ్గించి మేలైనట్లు తోపించును గాని, వైద్యుని సలహా లేక పలుదినములు వాడినచో కంటిలోని ఒత్తిడి పెరిగి చూపునకే చేటు వచ్చును. జబ్బు తగ్గువరకు కాటుక పెట్టరాదు. ఒకరి తువాలు మరియొకరు వాడరాదు. పురుగుమందు, ఎరువు ముట్టిన చేతులతో రెప్పలు నలుపరాదు.

ఇంటి వైద్యమునకు ఒక పొలిమేర కలదు. రెప్ప యంతయు వాచి జ్వరము వచ్చినను, కనుగ్రుడ్డు ముందుకు పొడుచుకొని వచ్చినను, కన్ను త్రిప్పిన నొప్పి పుట్టినను, చూపు మసకబారినను, వెలుతురు చూడలేకపోయినను ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. పసిబిడ్డల రెప్ప వాచినప్పుడు ఒక్కరాత్రియు ఆలస్యము పనికిరాదు. వరికోతలలో, నూర్పిళ్లలో వడ్లగింజయో, ఊకయో కంటిలో గ్రుచ్చుకొన్నచో అది రెప్ప జబ్బు కాదు. నల్లగ్రుడ్డు పుండు కాగలదు. అప్పుడు కాపడము పెట్టుచు కూర్చుండరాదు.

కోతలు ముగియనిండు, పిదప చూతమని చూపు పోగొట్టుకొన్నచో, మరుసటి కోత ఎవరు కోయుదురు? వేడినీరు, శుభ్రమైన గుడ్డ, కొంచెము ఓర్పు: ఇవి మూడును ప్రతి ఇంట నున్నవి. వీనితో తగ్గు జబ్బునకు వేరు మందు వలదు; తగ్గని జబ్బునకు వైద్యుని విడిచి వేరు దారి లేదు. సభ్యులు ఈ వ్యాసమును ఇంటిలోని వారికిని, చదువురాని ఇరుగుపొరుగు వారికిని చదివి వినిపింప ప్రార్థించుచున్నాము.